ఈ దేవర ఏం తింటది?

ఆషాఢం వచ్చిందంటే మా రామగిరి గుట్ట నెత్తిమీదికి మబ్బు దిగుతుంది. మేఘసందేశంలో యక్షుడు విరహంతో వేగిపోయిన రామగిరి ఇదేనని మా ప్రాంతం వాళ్లం గట్టిగా నమ్ముతాం. నాగపూరు దగ్గరి రామ్‌టెక్ వాళ్లు కూడా సరిగ్గా ఇదే మాట అంటారనీ, పండితుల్లో ఎక్కువమంది వాళ్ల పక్షమేననీ నాకు తెలియకపోలేదు. అయినా వంటింటి కిటికీలోంచి గుట్టా మబ్బూ ఒక్కసారే కనిపిస్తుంటే పండితులతో నాకేం పని చెప్పండి! గుట్ట మీద పాత కోట, గుట్ట కింద సెంటినరీ కాలనీ, కాలనీ అవతల బొగ్గు గనులు. పైన కావ్యం, కింద మూడు షిఫ్టులు. మధ్యలో పోపులపెట్టె పక్కన కాగితాలు పెట్టుకుని నవలలు రాసుకునే నేను.

అలాంటి ఒక మబ్బు పొద్దున, లండన్‌లో చదువుకుంటున్న మా మేనకోడలు ఫోనులో ఒక బొమ్మ పంపింది. బ్రిటిష్ మ్యూజియం వారి సేకరణలోని రాతిబొమ్మట. "అత్తయ్యా, నీ నవలలోకి పనికొస్తుందేమో చూడు" అని కింద ఒక ముక్క. చూద్దును గదా, జానెడు మనిషి. ఒంటికి మించిన తల, ఉబ్బిన కళ్లు, వెడల్పాటి ముక్కు, లావు పెదవులు. ఎవరో పిలిస్తే ఆలకిస్తున్నట్టు తల ముందుకు చాచి కూర్చున్నాడు.

"ఇదేం బొమ్మ? నైట్ షిఫ్టు చేసి నిద్ర చాలని మనిషిలా ఉన్నాడు" అన్నారు మావారు. ఆయన గనిలో సర్వేయరు. ఆయన ఉపమానాలన్నీ గని చుట్టూనే తిరుగుతాయి.

నేను మాత్రం బి.ఏ.లో చరిత్ర చదివినదాన్ని కదా, చదువుకున్న ప్రశ్నలే వేసుకున్నాను. ఏ దేశానిది? ఏ శతాబ్దానిది? ఎవరు చెక్కారు? ఏ రాయి?

అంతలో పాలవ్వ వచ్చింది. ఆవిడ పేరు వేరే ఉంది గానీ కాలనీలో అందరికీ పాలవ్వే. ఓపెన్‌కాస్టు గని కోసం ఖాళీ అయిన ఒక ఊరి మనిషి. ఊరు పోయినా రెండు బర్రెల్నీ వెంటబెట్టుకుని, ఊరివాళ్లందరితోపాటు కొత్తగా వెలిసిన కాలనీకి వచ్చి చేరింది. పాల క్యాను దింపి, కొంగుతో మొహం తుడుచుకుంటూ నా భుజం మీంచి ఫోనులోకి తొంగిచూసింది.

"ఎవరి దేవర బిడ్డా ఇది?"

"ఎక్కడో ఆఫ్రికా దేశం వాళ్లదట అవ్వా."

"అట్లనా. ఏం తింటది?"

నా నాలుగు ప్రశ్నల్లో ఆ ప్రశ్న లేదు. ఇన్నేళ్లుగా మ్యూజియాల్లో బొమ్మల ముందు నిలబడి ఏవేవో రాసుకొచ్చిన నేను, ఒక్కసారీ ఒక్క బొమ్మనీ అది అడగలేదు. పాలు కొలిచి పోసి అవ్వ వెళ్లిపోయింది గానీ ఆ ప్రశ్న మాత్రం మా వంటింట్లోనే ఉండిపోయింది. దాన్ని పట్టుకుని రెండు నెలలు పుస్తకాల వెంట తిరిగాను. తిరిగి తెలుసుకున్నదేమిటో మీకూ చెబుతాను.

పశ్చిమ ఆఫ్రికాలో, అట్లాంటిక్ సముద్రం ఒడ్డున సియెర్రా లియోన్ అని ఒక చిన్న దేశం ఉంది. అక్కడి మెండే జాతి రైతులు వరి వేసుకోవడానికి నేల తవ్వుకుంటుంటే ఈ బొమ్మలు మట్టిలోంచి బయటపడుతుండేవి. వాటిని వాళ్లు నొమోలి అన్నారు. ఎక్కువ భాగం బలపపు రాయి. చిన్నప్పుడు పలక మీద అ ఆలు దిద్దిన బలపం మీకు గుర్తుందా? ఆ జాతి మెత్తని రాయి. 1930లో ఆ దేశంలో వజ్రాలు కనిపెట్టాక, వజ్రాల కోసం ఏటి ఒడ్డు మట్టి తవ్వేవాళ్లకి కూడా ఇవి దొరుకుతూ వచ్చాయి. "మరేం, భూమి తవ్వేవాడికి అడిగింది ఒకటైతే దొరికేది ఇంకోటి" అని మావారు సంతోషించిన ముక్క ఇదొక్కటే.

అసలు విశేషం ఏమిటంటే, వీటిని చెక్కింది మెండేలు కాదు. వాళ్లకన్నా ముందు ఆ నేల మీద బతికినవాళ్లు. 15, 16 శతాబ్దాల్లో పోర్చుగీసు వర్తకులు ఆ తీరానికి వచ్చినప్పుడు సాపి అని పిలిచిన జనం వాళ్ల కోసం ఏనుగు దంతంతో ఉప్పుగిన్నెలు చెక్కి ఇచ్చేవారు. ఆ గిన్నెల మీది మనుషుల మొహాలకీ ఈ రాతిబొమ్మల మొహాలకీ పోలిక కుదురుతోంది కనుక రెండూ ఒకే జనం చేతిపని అని పండితుల అభిప్రాయం. ఎందుకు చెక్కారో చెప్పడానికి చెక్కినవాళ్లు లేరు. దొరికినవాళ్లు మాత్రం ఆ బొమ్మని అనాథలా వదిలెయ్యలేదు. వరిచేలో చిన్న పందిరి వేసి, దాని నీడన కూర్చోబెట్టి, పంట నీదే భారం అని మొక్కుకునేవారు. పంట సరిగ్గా ఎదగకపోతే బొమ్మకి బెత్తం దెబ్బలు కూడా తప్పేవి కావట!

ఆ పొరుగునే ఉండే కిస్సీ జాతివాళ్లది ఇంకో పద్ధతి. ఇలాంటి బొమ్మనే వాళ్లు పోమ్దో అన్నారు. చనిపోయినవాడు అని ఆ మాటకి అర్థం. రాయి దొరికినవాడికి కలలో పెద్దవాళ్లెవరో కనిపించి, ఫలానా తాతని నేనే అని చెప్పుకుంటారు. అప్పుడు దాన్ని గుడ్డల్లో చుట్టి ఇంట్లో పెట్టుకుంటారు. ఏదైనా కష్టం వస్తే చిన్న పీట లాంటిదాని మీద పెట్టి నెత్తికెత్తుకుని ప్రశ్నలడుగుతారు. మోస్తున్నవాళ్లు ఎటు ఊగితే అదే జవాబు.

రాయిని కొట్టడమేమిటి, రాయిని అడగడమేమిటి అని నవ్వబోయారా? ఆగండి. వానలు మొహం చాటేస్తే గర్భగుడి నిండా బిందెలతో నీళ్లు పోసి శివలింగాన్ని ముంచేది మనమే కదా. ఊపిరాడకపోతేనన్నా ఆయన మేఘుణ్ని పంపుతాడని ఆశ. మనవాడనుకున్నవాడి మీదే ఎవరికైనా చెయ్యి లేస్తుంది. పరాయివాణ్ని ఎవరు కొడతారు?

ఇక్కడ నా విమర్శ మొదలవుతుంది. మనం బొమ్మల్ని మెచ్చుకునే తీరు ఒకటుంది. దానికి మంచి ఉదాహరణ మా పక్కనే ఉన్న రామప్ప. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి. 2021లో యునెస్కో వారసత్వ జాబితాకి కూడా ఎక్కింది. చూరు కింద నల్లరాతి మదనికలు నిలబడి ఉంటారు. ఆ నడుము వంపు, నగల నునుపు చూసి, రాతిలో ప్రాణం పోశాడండీ అని తల ఊపుతాం. ఊపవలసిందే. కానీ అదే కొలబద్ద తీసుకెళ్లి నొమోలి పక్కన పెడితే ఏమవుతుంది? తల పెద్దదైంది, కాళ్లు కుదరలేదు, శిల్పికి శాస్త్రం తెలియదు అంటాం. దాన్ని మొరటు అనీ, మనసు మంచిదైతే అమాయకం అనీ తేల్చేస్తాం. రెండూ అన్యాయమే. మదనిక చూసే రాయి. నొమోలి చూసుకునే రాయి. రెండు మాటల మధ్య తేడా మన ఆడవాళ్లకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. పెళ్లిచూపుల్లో చూసినవాళ్లందరూ మనల్ని చూసుకున్నవాళ్లు కారు గదా!

నైజీరియాలో ఎసియె అనే ఊళ్లో ఇలాంటి బలపపు రాతి బొమ్మలు వెయ్యి దాకా ఉన్నాయి. ఆడా మగా కూర్చుని ఉంటారు. సొగసైన జుట్టుముడులు, కొందరి మొహాల మీద గాట్ల గుర్తులు. ఎక్కణ్నుంచో వచ్చిన అతిథులు రాళ్లైపోయారని ఆ ఊరివాళ్ల కథ. మన అహల్యకి ఇంతమంది చుట్టాలున్నారని నాకు ఇన్నాళ్లూ తెలియదు. 1945లో ఆ బొమ్మలకి అక్కడే, ఆ ఊళ్లోనే ఇల్లు కట్టారు. ఆ దేశానికి అదే మొదటి మ్యూజియం. బొమ్మలు ఊరు విడిచి పోలేదు, వాటి పండగా ఆగలేదు. నాకు బాగా నచ్చిన సంగతి అది.

అంతదూరం ఎందుకు, మన ఊళ్లలో జరుగుతున్నదీ ఇదే. పాత ఊరు ఏదైనా తీసుకోండి. చింతచెట్టు కింద సగం మట్టిలో కూరుకుపోయిన ఒక చెక్కుడు రాయి ఉంటుంది. కత్తి పట్టిన వీరుడు కింద, అతన్ని అప్సరసలు స్వర్గానికి తీసుకుపోవడం మధ్యన, శివలింగం దగ్గర చేరడం పైన, అన్నిటికీ మీద సూర్యచంద్రులు. అది వీరగల్లు. పశువుల మందని దొంగలు తోలుకుపోతుంటే అడ్డుపడి చచ్చినవాడో, ఊరి కోసం పోరాడినవాడో. సూర్యచంద్రులున్నంత కాలం అతని పేరు నిలవాలని పెట్టారు. పేరు నిలవలేదు, రాయి నిలిచింది. ఇప్పుడు ఎన్నో చోట్ల ఆ వీరుడే సింధూరం పూసుకుని ఆంజనేయుడిగా పూజలందుకుంటున్నాడు. సియెర్రా లియోన్ రైతు చేసినదే మన రైతూ చేశాడు. పూర్వీకుడి రాయిని పోనివ్వకుండా తన అవసరానికి మళ్లీ కాపురం పెట్టించాడు.

దీన్నంతా నేను పొగుడుతున్నానని అనుకోకండి. సింధూరం పొరలు పొరలుగా పడి ఆ రాతి మీది అక్షరాలు పూడిపోతే, ఒక మనిషి చరిత్ర కూడా పూడిపోయినట్టే. సతి రాళ్ల సంగతి ఇంకా కష్టం. రాతి మీద మోచేతి దగ్గర వంచి పైకెత్తిన ఒక చెయ్యి, దాని నిండా గాజులు. మొగుడితో కాలిపోయిన ఒక ఆడమనిషి గుర్తు అది. దానికి పసుపు రాసి ఐదోతనం అడిగేవాళ్లని చూస్తే నా చేతిగాజులు నాకే బరువనిపిస్తాయి. అడిగే ఆ పిల్ల చావు కోరడం లేదని తెలుసు. బతుకే కోరుతోంది. అయినా ఆ చెయ్యి ఎవరిదో, ఎందుకు లేచిందో ఆ పిల్లకి ఎవరైనా చెప్పాలి. ఏ కాలానిది అన్న నా ప్రశ్నా వృథా కాదన్నమాట. అదొక్కటే ప్రశ్న అనుకోవడమే నా తప్పు.

చదువుకున్న ప్రశ్న కూడా ఒక్కోసారి ఎలా తప్పుదారి పడుతుందో మా గోదావరి వెంట కిందికి వెళితే కనిపిస్తుంది. ములుగు జిల్లా అడవుల్లో కాటాపురం, మల్లూరు వైపు, ఇనుపయుగం నాటి సమాధుల దగ్గర చేతులు చాపి నిలబడ్డట్టున్న రాళ్లున్నాయి. 1860ల్లో వాటిని చూసిన ఇంగ్లీషు దొరలకి అవి శిలువలనిపించాయి. ఇక్కడికి క్రీస్తు మతం ఎప్పుడొచ్చిందా అని చర్చలు చేసుకున్నారు. తర్వాతివాళ్లు చూసి, అవి మనిషి ఆకారాలని తేల్చారు. పైన తల, అటూ ఇటూ చేతులు. ఆ అడవుల్లోనే దొంగలతోగు దగ్గర రొమ్ములు చెక్కి ఆడమనిషి అని స్పష్టంగా చూపించిన రాళ్లు కూడా ఉన్నాయి. రెండు వేల ఏళ్లకి పైబడిన ఆడవాళ్లు, తమవాళ్ల సమాధులకి కాపలా ఉన్నట్టు నిలబడి ఉన్నారు. ఎవరి కళ్లకి వాళ్ల దేవుడే కనిపిస్తాడనుకోండి. కానీ ఆ రాయి ఎవరిదని దానికి దగ్గరగా బతికినవాళ్లని అడిగితే పోయేదేముంది?

అడగని పాపం దొరలదే కాదు, నాదీ. ఇరవై ఏళ్ల కిందటి నా మొదటి నవలలో ఒక అత్తగారు పోచమ్మకి బోనం ఎత్తుతుంది. ఆ అధ్యాయంలో 'మొహమైనా లేని బండరాయి' అని ఒక మాట రాశాను. చదువుకున్న కోడలి నోట పెట్టి, నేనే అన్నాను. వేపచెట్టు కింద పసుపు బొట్లతో ఉన్న ఆ రాయికి మొహం ఎందుకు లేదో నేను ఆలోచించలేదు. మొహం చెక్కితే ఆ తల్లి ఒక్కరి పోలికే అవుతుంది. చెక్కకపోతే ఎవరి మనసులోని తల్లి మొహం వాళ్లు పెట్టుకోవచ్చు. అప్పటికి నాకు అంత తెలివి లేదు. నలుగురూ బాగా రాశావన్నారు, నేనూ మురిసిపోయాను.

రెండో పాపం ఇంకా దగ్గరిది. పాలవ్వ వాళ్ల కాలనీలో బొడ్రాయి పెట్టుకోవాలనుకున్నారు. బొడ్రాయి అంటే ఊరికి బొడ్డు. తల్లి కడుపులో బిడ్డకి బొడ్డు ఎలాగో ఊరికి ఆ రాయి అలాగ. అది లేకపోతే ఎన్ని ఇళ్లున్నా ఊరు కాదు. వాళ్ల పాత ఊరి బొడ్రాయిని పెద్దవాళ్లు తవ్వి తీసి ట్రాక్టరులో వెంట తెచ్చుకున్నారు. నీళ్లు పోసి పోసి నున్నగా అరిగిపోయిన పొట్టి రాయి. కుర్రవాళ్లు దాన్ని చూసి పెదవి విరిచారు. మెరుగు పెట్టిన నల్లరాతి బొడ్రాయి ఫొటో పట్టుకుని నా దగ్గరికొచ్చారు.

"మీరు చదువుకున్నోళ్లు, పుస్తకాలు రాసెటోళ్లు. ఏది మంచిగుంటదో చెప్పుండ్రి మేడం" అన్నారు.

ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా "నల్లరాయే అందంగా ఉంటుంది" అన్నాను. విమర్శకురాలి తీర్పు!

పండగ ఘనంగానే జరిగింది. ఎక్కడెక్కడికో కాపురాలకి పోయిన ఆడబిడ్డలందరినీ పిలిపించారు. పాలవ్వ ముగ్గురు కూతుళ్లూ పిల్లాజెల్లాతో వచ్చారు. బిందెలతో నీళ్లు తెచ్చి పోశారు. ఒడిబియ్యం పోశారు. ప్రతిష్ఠ అయ్యేదాకా పొలిమేర దాటి ఎవరూ పోకూడదని కట్టు పెట్టారు. బొట్టు పెట్టి నాకూ రవికెగుడ్డ ఇచ్చారు. నల్లరాయి తళతళలాడింది. ఒక్క ఊరికి రెండు బొడ్లుండవు కనుక పాత రాయిని ప్రహరీ పక్కన, మిగిలిపోయిన ఇసుక కుప్ప దగ్గర దింపారు. నేను దాన్ని చూసి కూడా ముందుకు నడిచాను.

ఆఫ్రికా బొమ్మ వచ్చాక, ఆ ప్రశ్న వంటింట్లో తిష్ఠ వేశాక, ఒకరోజు పాలు పోయించుకుంటూ అడిగాను.

"అవ్వా, మీ పాత బొడ్రాయి ఇప్పుడేం తింటుంది?"

అవ్వ కొలిచే గ్లాసు ఆపింది. "నేను పోసిననాడు ఇంత సాక తాగుతది బిడ్డా. పొయ్యనినాడు ఉపాసం."

కాసేపాగి మళ్లీ తనే అంది. "పెండ్లై వచ్చిననాడు ఆ రాయికే మొక్కి ఊర్ల అడుగుబెట్టిన. నా బిడ్డలను అత్తగారింటికి తోలిననాడు ఆ రాయికాడనే ఏడ్చిన. ఇల్లు రాలే, బాయి రాలే, చింతచెట్టు రాలే. అదొక్కటే మా ఎంబడి వచ్చింది. దాన్ని మల్ల మేమే బయటేసినం."

మేమే అంది గానీ, నువ్వే అనలేదు. అదీ ఆవిడ మర్యాద.

ఆ రాయి అందం ఎక్కడుందో అప్పుడు తెలిసింది నాకు. ఉలి చెక్కింది తక్కువ, నీళ్లు చెక్కింది ఎక్కువ. తరతరాల కోడళ్ల బిందెలు అరగదీసిన నునుపు అది. ఏ యంత్రమూ ఆ మెరుగు పెట్టలేదు. ఏ శిల్పీ దాని మీద సంతకం చెయ్యలేడు. మ్యూజియంవాడు తీసుకెళితే దాని పొడవూ వెడల్పూ రాస్తాడు. ఆ రాయి దగ్గర ఎవరు ఏడ్చారో ఎవరు రాస్తారు? నాలాంటివాళ్లే రాయాలి. అందుకు బదులు నేను నల్లరాయి బాగుందని తీర్పు చెప్పి వచ్చాను.

ఆ ఆదివారం కుర్రవాళ్ల దగ్గరికి వెళ్లి, నేను చెప్పింది తప్పయ్యా అన్నాను. తీర్పు వెనక్కి తీసుకోవడం విమర్శకులకి అలవాటు లేని పని, గొంతు కాస్త వణికింది కూడా. వాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. కొత్త రాయిని తియ్యడం కుదరదన్నారు. నేనూ తియ్యమనలేదు, అది కూడా ఇప్పుడు నీళ్లు తాగిన రాయే. పాతదానికి వేపచెట్టు కింద గద్దె కట్టిస్తే చాలన్నాను. సరేనన్నారు. ఇటుకలు వచ్చాయి. సిమెంటు రేపు, మాపు అంటున్నారు.

మొదటి నవల మళ్లీ అచ్చు వేస్తామని ప్రచురణకర్త అడిగాడు. 'మొహమైనా లేని' అన్న మాట కొట్టెయ్యనా అని చాలాసేపు ఆలోచించాను. కొట్టెయ్యలేదు. తప్పు చేసిన చెయ్యి ఎవరిదో సింధూరం కింద పూడిపోకూడదు గదా. దాని బదులు ఇది రాస్తున్నాను.

మేనకోడలికి మాత్రం జవాబు పంపాను. "బొమ్మ చాలా బాగుందమ్మా. ఆ పిల్లాడి ఎదుటికి ఎప్పుడైనా వెళితే, ఇక్కడ ఒక అవ్వ అన్నం తిన్నావా అని అడిగిందని చెప్పు."

గద్దె లేచేదాకా శుక్రవారం శుక్రవారం అవ్వ ఆ ఇసుక కుప్ప దగ్గరికి సాక తీసుకెళుతోంది. వెనకాల నీళ్ల చెంబుతో నేనూ వెళుతున్నాను. మొదటిరోజు తడబడి సగం నీళ్లు నా చీర మీదే పోసుకున్నాను. "మెల్లగ పొయ్యి బిడ్డా, దానికి తొందరేం లేదు" అంది అవ్వ.